ఒకే స్థలంలో ఒక బోరు మంచినీరు, ఒకటి పొడి, ఒకటి ఉప్పు: ఎందుకిలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఒకే స్థలంలో మూడు బోర్లు వేశారు. మొదటిదాంట్లో 45 మీటర్ల దగ్గర మంచినీళ్లు పడ్డాయి. దానికి 60 మీటర్ల దూరంలో వేసిన రెండోది 200 మీటర్లు దిగినా దుమ్మే వచ్చింది. పల్లంలో వేసిన మూడోదాంట్లో 180 మీటర్ల దగ్గర జల తగిలింది కానీ నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా ఉంది. మూడింటిలోనూ పైకొచ్చిన రాతి పొడి గ్రానైట్‌దే. కింద ఏరులాంటిది ఏమైనా పారుతోందా, రెండో బోరును ఇంకా దింపితే మంచినీళ్లు వస్తాయా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. కింద ఏరు లేదు. రెండో బోరును ఇంకా దింపకండి. తాగే నీళ్లు దొరకాలంటే రాతిలో మూడు కలిసి రావాలి: నీరు నిలవడానికి ఖాళీ, ఆ ఖాళీలను కలిపే దారి, ఆ దారిలో వాననీరు దిగి పాతనీటిని ముందుకు తోసి ఎక్కడో బయటపడే వీలు. మొదటి రెండూ ఉంటే నీళ్లుంటాయి. మూడోది కూడా ఉంటేనే అవి మంచినీళ్లు. మీ మొదటి బోరుకు మూడూ కుదిరాయి. రెండోదానికి ఖాళీ, దారి రెండూ లేవు. మూడోదానికి మొదటి రెండూ ఉన్నాయి, నీరు మారే వీలు మాత్రం లేదు. ఈ మూడింటినీ తేల్చేది భూమి లోపలి రాయి. పైన కనిపించే పచ్చదనమో పల్లమో ఒక్కోసారి దానికి గుర్తుగా పనికొస్తాయి, అంతవరకే.

ఖాళీ వేరు, దారి వేరు

ఖాళీ ఎక్కువున్న చోట నీళ్లు ఎక్కువ దొరుకుతాయని చాలామంది అనుకుంటారు. బంకమట్టిని తీసుకోండి. ఒక ఘనమీటరు తడిసిన బంకమట్టిలో సగం దాకా, అంటే 500 లీటర్ల వరకు నీరు ఉండొచ్చు. దాన్ని కారనిస్తే వచ్చేది 20, 30 లీటర్లే. మిగతాదంతా కంటికి ఆనని రేణువులను పట్టుకుని అక్కడే ఉండిపోతుంది. ముతక ఇసుకలో ఖాళీ 35 శాతమే. అయినా ఘనమీటరుకు 250 లీటర్ల దాకా చేతికొస్తుంది.

నీరు కదిలే వేగంలో తేడా ఇంకా పెద్దది. ఫ్రాన్స్‌లోని దిజోన్ నగరంలో ఇంజనీరు హెన్రీ డార్సీ ఇసుక నింపిన గొట్టాల్లోంచి నీరు పంపి కొలిచి 1856లో ప్రకటించిన సూత్రాన్నే ఇప్పటికీ వాడుతున్నాం. నీటిమట్టం వాలు ఎంత ఎక్కువగా ఉంటే ప్రవాహం అంత ఎక్కువ, ఆ వాలుకు ఏ పదార్థం ఎంత దారి ఇస్తుందన్నది దాని గుణం. ఒకే వాలుకు గులకరాళ్లు రోజుకు వందల మీటర్ల లెక్కన దారి ఇస్తే, ముతక ఇసుక పదుల మీటర్లు ఇస్తుంది. గట్టి బంకమట్టి ఒక మిల్లీమీటరులో పదో వంతు కూడా ఇవ్వదు. అందుకే బంకమట్టిని నీళ్లున్న పొరగా కాకుండా గోడగానో మూతగానో లెక్కేస్తాం.

ఇంకో సంగతి. ఇసుక ముతకగా ఉంటే చాలదు, గింజలు దాదాపు ఒకే సైజులో ఉండాలి. పెద్ద గింజల సందుల్లో సన్న ఒండ్రు చేరితే ఖాళీ నిండిపోతుంది, దారి మూసుకుపోతుంది. బోరు పొడిలో గులక కనిపించిందని సంబరపడేముందు దాన్ని గ్లాసు నీళ్లలో వేసి కలిపి చూడండి. నీళ్లు చాలాసేపు బురదగానే ఉంటే ఆ పొర అనుకున్నంత ఇవ్వదు.

మీ గ్రానైట్ సంగతి

గట్టి గ్రానైట్‌లో ఖాళీ సాధారణంగా 1 శాతం లోపే. రాయి తనంతట తానుగా నీరు దాచుకోలేదు. నీరుండేది దాని మీద ఏర్పడిన మొరంలో, దాని ఒంట్లో పడిన పగుళ్లలో.

పైనుంచి కిందికి వరస ఇలా ఉంటుంది. ముందు మట్టి. తర్వాత కుళ్లిన రాయి, అంటే మొరం. చేత్తో నలిపితే పొడవుతుంది. రాతిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం తెల్లటి బంకగా మారిపోయి ఉంటుంది, గట్టి క్వార్ట్జ్ గింజలు మాత్రం వేళ్లకు గరుకుగా తగులుతాయి. దాని కింద రాయి గట్టిగానే ఉంటుంది కానీ అడ్డంగా పలకలు పలకలుగా విడిపోయి ఉంటుంది. పైన ఉండాల్సిన బరువు కోతకు గురై పోవడం వల్లా, నల్ల అభ్రకం నీరు తగిలి ఉబ్బి రాతిని చీల్చడం వల్లా ఈ అడ్డ పగుళ్లు పడతాయి. ఆ కింద అసలు రాయి. బోరుకు ఎక్కువ నీరిచ్చేది మొరం అడుగు భాగం, పలకల రాయి పైభాగం కలిసే చోటు. మొరం పైభాగంలో బంక ఎక్కువ కాబట్టి దారి తక్కువ. మరీ కిందికి వెళ్తే పగుళ్లే తక్కువ.

నీరు దాచేది మొరం, మోసుకొచ్చేది పగులు. అంకెల్లో చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. ఒక హెక్టారు స్థలంలో 20 మీటర్ల మందాన తడిసిన మొరం ఉందనుకోండి. దాన్నుంచి కారే నీరు 3 శాతం అనుకుంటే 6,000 ఘనమీటర్లు, అంటే 60 లక్షల లీటర్లు. అదే హెక్టారు కింద 20 మీటర్ల మందాన పగుళ్ల రాయి ఉండి, అందులో కారేది 0.2 శాతమే అయితే 4 లక్షల లీటర్లు. మొరం లేకుండా పగులు ఒక్కటే ఉన్న బోరు మొదటి వారం జోరుగా పోసి తర్వాత చిక్కిపోవడానికి కారణం ఇదే. పైపు ఉంది, ట్యాంకు లేదు.

కాబట్టి మీరు రాయని ఒక సంగతి ముందు చూడాలి: మూడు బోర్లలో ఒక్కోదానికి కేసింగ్, అంటే గోడ కూలకుండా బోరులో దింపే పైపు, ఎంత లోతు దిగింది? కేసింగ్‌ను గట్టి రాయి తగిలేదాకా దింపుతారు కాబట్టి ఆ లోతు దాదాపు మొరం మందమే. మొదటిదానికి 20, 25 మీటర్ల కేసింగ్ పడి, రెండోదానికి 5, 6 మీటర్లకే రాయి తగిలి ఉంటే సగం జవాబు అక్కడే దొరికింది. గ్రానైట్ మీద మొరం దుప్పటి పరిచినట్టు సమానంగా ఉండదు. పగుళ్లు ఎక్కువున్న చోట నీరు లోపలికి దిగి రాతిని లోతుగా కుళ్లబెడుతుంది, పగుళ్లు లేని చోట గట్టి రాయి పైకి లేచి ఉంటుంది. 60 మీటర్ల దూరంలో మందం నాలుగో వంతుకు పడిపోవడం వింతేమీ కాదు.

మిగతా సగం జవాబు నిలువు పగులు వాలులో ఉంటుంది. మీ మొదటి బోరుకు 45 మీటర్ల దగ్గర తగిలిన పగులు నేలకు 70 డిగ్రీల కోణంలో రెండో బోరు వైపే వాలిందనుకుందాం. ఆ కోణానికి పక్కకు ఒక మీటరు జరిగితే పగులు 2.75 మీటర్లు లోతుకు పోతుంది. 60 మీటర్లకు 165 మీటర్లు. 45, 165 కలిపితే 210. అంటే మీ రెండో బోరు ఇంకో 10 మీటర్లు దిగితే తగిలేదేనా? కాగితం మీద అవును, నేలలో నమ్మకూడదు. మొదటిది, పగులు అటువైపే వాలిందన్న ఆధారం లేదు. ఇటువైపు వాలి ఉంటే 1,000 మీటర్లు దింపినా తగలదు. రెండోది, 45 మీటర్ల దగ్గర తెరుచుకున్న పగులు 210 మీటర్ల దగ్గర పైబరువుకు నొక్కుకుపోయి ఉండే అవకాశమే ఎక్కువ. పగులులో ప్రవాహం దాని సందు వెడల్పు ఘనాన్ని బట్టి మారుతుంది. సందు సగమైతే నీరు ఎనిమిదో వంతు, ఐదో వంతైతే 125వ వంతు. పైన 1 మిల్లీమీటరు సందు కింద 0.2కు తగ్గితే ఆ పగులు తగిలినా మోటారుకు సరిపడా రాదు. మూడోది, మీ మూడో బోరు ఇప్పటికే చెప్తోంది, ఆ లోతులో ఉన్నది ఉప్పునీరని.

కొత్త బోరు పాయింటు పెట్టేటప్పుడు కూడా ఈ లెక్కే పనికొస్తుంది. పగులు నేల మీద ఏ గీతలో కనిపిస్తోందో, ఎటు వాలిందో తెలిస్తే బోరు ఆ గీత మీద వేయకూడదు. వాలిన వైపు కొంచెం జరగాలి. 70 డిగ్రీల వాలుకు 40 మీటర్ల లోతులో తగలాలంటే గీత నుంచి దాదాపు 15 మీటర్లు జరపాలి. గీత మీదే వేస్తే మొరంలోనే పగులును దాటేసి మిగతాదంతా గట్టి రాతిలో దిగుతారు. పూర్తిగా నిలువుగా ఉన్న పగులైతే నిలువు బోరు దాని పక్కనే దిగి తగలకుండా పోవడం మామూలే.

పైకొచ్చే రాతి ముక్కలను తప్పక చూడండి. ప్రతి 3 మీటర్లకు ఒక గుప్పెడు తీసి కడిగి, లోతు రాసి వరసగా పెట్టండి. ముక్క ఒకవైపు చదునుగా ఉండి ఆ ముఖం మీద తుప్పు రంగు మరక ఉంటే, ఆ పగులులో నీరు తిరిగింది. చదును ముఖం మీద తెల్లటి కాల్సైటో ఆకుపచ్చ క్లోరైటో (రెండూ ఖనిజాలే) పూత కడితే పగులు ఒకప్పుడు ఉంది, ఇప్పుడు అతుక్కుపోయింది. అన్ని ముఖాలూ కొత్తగా విరిగినట్టు మెరుస్తూ, పొడి బూడిద రంగులోనే 50, 60 మీటర్లు వరసగా వస్తుంటే ఆపేయడమే మంచిది.

డైక్‌లు కూడా చూసుకోవాలి. గ్రానైట్‌ను చీల్చుకుని వచ్చిన నల్లరాతి గోడలివి. నేల మీద గుండ్రటి నల్లరాళ్లు ఒకే వరసలో కిలోమీటర్ల కొద్దీ కనిపిస్తే కింద డైక్ ఉన్నట్టే. గట్టి డైక్ నీటికి అడ్డుకట్ట. ఎగువ వైపు నీరు నిలుస్తుంది, దిగువ వైపు ఎండుతుంది. బోరు ఎగువ వైపు, రెండు రాళ్లు కలిసే అంచుకు దగ్గరగా వేయాలి. డైక్ మధ్యలో వేస్తే డ్రిల్లింగు బిట్ అరిగిపోవడం తప్ప ఫలితం ఉండదు. డైకే బాగా పగిలి కుళ్లిపోయి ఉంటే మాత్రం కథ తిరగబడి, అదే నీటి దారి అవుతుంది. అందుకే ఊరికే గీత చూసి పాయింటు చెప్పేవారి మాటను నేను ఒప్పుకోను. ఆ డైక్ రాయిని పగలగొట్టి చూశారా అని అడగండి.

మిగతా రాళ్లలో ఎలా ఉంటుంది

బసాల్ట్‌లో లావా ఒకదాని మీద ఒకటి పొరలుగా పరుచుకుంది. దక్కన్ లావా పొరలు సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటివి. ఒక్కో పొర పైభాగం గాలి బుడగల రంధ్రాలతో ఉంటుంది, మధ్యభాగం చిక్కగా ఉంటుంది. రెండు పొరల మధ్య ఎర్రటి బంకలాంటి మట్టి ఉంటే, దాని మీద నీరు నిలిచి కిందికి దిగదు. కాబట్టి ఇక్కడ నీరు మెట్లు మెట్లుగా దొరుకుతుంది. ఒక పొర ఎండినా దాని కింది పొరలో వేరే నీరు ఉండొచ్చు. గ్రానైట్‌లో నేను వద్దనే లోతు బసాల్ట్‌లో ఒక్కోసారి పనికొస్తుంది. బుడగల రంధ్రాలు ఖనిజాలతో నిండిపోయి ఉంటే మాత్రం కంటికి రంధ్రాల్లా కనిపించినా అందులో నీరుండదు. హవాయి దీవుల్లో లావాను నిలువునా కోసిన డైక్‌లు గదుల్లాగా వాననీటిని పట్టి ఉంచడం వల్ల సముద్రమట్టానికి వందల మీటర్ల ఎత్తున మంచినీరు నిలిచింది.

సున్నపురాయిని వాననీరు కొద్దికొద్దిగా కరిగిస్తుంది. గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటికి ఆ శక్తి వస్తుంది. నీరు ఎటు ఎక్కువ పారితే అటు దారి పెద్దదై, ఇంకా ఎక్కువ నీటిని లాక్కుంటుంది. చివరికి కొన్ని సొరంగాల్లోనే నీరంతా పోతుంది. కింద నిజంగా ఏరులాంటిది పారేది ఇలాంటి చోటే. అదృష్టం ఉంటే ఒక్క బోరుకు ఊరికి సరిపడా నీరు, పది మీటర్లు పక్కన శూన్యం. పైన పడిన మురికి వడకట్టుకోకుండా గంటల్లో, రోజుల్లో బోరులోకి చేరడం దీనితో వచ్చే చిక్కు. వాన పడిన మర్నాడు నీరు మసకబారితే ఆ నీటిని మరగబెట్టకుండా తాగొద్దు.

నది తెచ్చిన ఒండ్రులో నీటి జాడ వెతకడమంటే పాత నది నడకను వెతకడం. కొండ దిగిన చోట వేగం తగ్గి నది ముందు బండరాళ్లు, గులక వదిలేస్తుంది, తర్వాత ఇసుక, చివర్లో బంక. నది దారి మార్చుకున్నప్పుడు పాత గర్భం బంకమట్టి మైదానం మధ్య ఇసుక నాడాలా ఉండిపోతుంది. దాని మీద పడితే నీళ్లు, పక్కన పడితే బంక. అమెరికాలోని ఒగల్లాలా పొర రాకీ పర్వతాల నుంచి కొట్టుకొచ్చిన ఇసుక, గులకలతో ఏర్పడి ఎనిమిది రాష్ట్రాల కింద పరుచుకుంది. ఖాళీ, దారి రెండూ బాగున్నాయి. కానీ ఎండ ప్రాంతాల్లో నేలలోకి ఇంకే నీరు తక్కువ కాబట్టి తోడిన చోట మట్టం పడిపోతూనే ఉంది.

నీరు ఎందుకు ఉప్పగా మారుతుంది

మీ మూడో బోరు ప్రశ్న ఇదే. ఎక్కువమంది ఇక్కడే తికమకపడతారు.

లీటరుకు 1,000 మిల్లీగ్రాముల లోపు లవణాలుంటే మంచినీరు, అక్కడి నుంచి 10,000 దాకా చౌడునీరు, ఆ పైన ఉప్పునీరు అని లెక్క. సముద్రంలో దాదాపు 35,000. వాననీరు నేలలోకి దిగేటప్పుడు లవణాలు అతి తక్కువ. దారిలో రాతిని కరిగించుకుంటూ పోతుంది. త్వరగా దిగి త్వరగా బయటపడితే తేలిగ్గానే ఉంటుంది. ఒకేచోట వేల ఏళ్లు కూర్చుంటే బరువెక్కుతుంది. 1955లో చెబొతరేవ్ అనే శాస్త్రవేత్త ఈ క్రమాన్ని వివరించాడు: కొత్త నీటిలో బైకార్బొనేట్ ఎక్కువ, ముందుకు పోయేకొద్దీ సల్ఫేట్, చివరికి క్లోరైడ్.

నీరు ఎంత లోతున తిరుగుతుందో నేల ఎత్తుపల్లాలు, రాతి పొరలు కలిసి నిర్ణయిస్తాయి. మిట్టన దిగిన నీటిలో ఎక్కువ భాగం పక్క పల్లంలోనే ఊటగా బయటికొస్తుంది. ఇది చిన్న చుట్టు. కొంత నీరు రెండు మూడు లోయలు దాటి బయటపడుతుంది. ఇంకా కొంచెం నీరు చాలా లోతుకు దిగి, ఆ ప్రాంతమంతటికీ అడుగున ఉన్న పెద్ద పల్లం వైపు నత్తనడకన పోతుంది. భూగర్భజల శాస్త్రవేత్త తోత్ 1963లో లెక్కగట్టి చూపించింది ఇదే. మీ మూడో బోరు పల్లంలో ఉంది. పల్లంలో నీరు పైకి లేచే స్వభావం ఉంటుంది. అక్కడ 180 మీటర్లకు దిగితే చిన్న చుట్టును దాటేసి, ఎప్పుడో దిగిన పాతనీటిని పట్టుకున్నట్టే. గ్రానైట్‌లో ఆ లోతున పగుళ్లు సన్నం, వాటికి బయటపడే దారులు తక్కువ. నీరు మారదు, ఉప్పు పోదు.

లోతుకు వెళ్తే ఎప్పుడూ ఉప్పే అని మాత్రం అనుకోవద్దు. రాతి పొర దారి ఇచ్చేదై, ఒక చివర ఎత్తున నేల మీదికి తేలి, ఇంకో చివర బయటపడే చోటు ఉంటే ఎంత లోతైనా మంచినీరు ఉండొచ్చు. ఆస్ట్రేలియాలోని గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ సుమారు 17 లక్షల చదరపు కిలోమీటర్లు. తూర్పు కొండల్లో ఇసుకరాతిలోకి దిగిన నీరు ఏడాదికి 1 నుంచి 5 మీటర్ల చొప్పున నడుస్తుంది. పైన బంకరాయి మూత ఉండటంతో ఒత్తిడికి బోరు తవ్వితే దానంతట అదే పైకి ఎగజిమ్ముతుంది. కొన్నిచోట్ల పొర 3,000 మీటర్ల లోతున ఉంటుంది. లిబియా, ఈజిప్ట్, చాద్, సూడాన్ దేశాల కింద ఉన్న న్యూబియన్ ఇసుకరాతిలో ఉన్నదీ మంచినీరే. సహారాలో వానలు బాగా కురిసిన కాలంలో దిగిన నీరది. ఇప్పుడు దాదాపు కొత్తగా చేరేది లేదు, కాబట్టి తోడినంతా తరుగే.

ఉప్పు పైన, మంచినీరు కింద ఉండే చోట్లూ ఉన్నాయి. బంగ్లాదేశ్ తీరం దీనికి మంచి ఉదాహరణ. పైపొరలో ఉప్పునీరు, మధ్యలో బంక మూత, దాని కింద లోతైన ఇసుకలో మంచినీరు. ఎండ ప్రాంతాల్లో పైపొర నీరు ఆవిరై లవణాలు అక్కడే మిగిలిపోవడంతో కూడా ఇలా జరుగుతుంది. జిప్సమ్, రాతి ఉప్పు పొరలుంటే లోతుతో పని లేదు, తాకిన నీరల్లా చెడుతుంది. ఒక లీటరు నీటిలో జిప్సమ్ 2 గ్రాములకు పైగా కరుగుతుంది, అంటే దాన్ని తాకితే చాలు మంచినీటి హద్దు దాటుతుంది. సముద్రం అడుగున పేరుకున్న బంకలో అప్పటి ఉప్పు ఇప్పటికీ చిక్కుకుని ఉంటుంది.

తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుంది. ఉప్పునీటి సాంద్రత 1.025, మంచినీటిది 1. ఆ చిన్న తేడా వల్ల సముద్రమట్టానికి 1 మీటరు పైన మంచినీటి మట్టం ఉంటే దాని కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరు ఉంటుంది. బదోన్ గైబెన్, హెర్ట్స్‌బర్గ్ అనే ఇద్దరు వేర్వేరుగా తేల్చిన లెక్క ఇది. దీన్ని వెనక నుంచి చదివితే భయం వేస్తుంది: తోడి మట్టాన్ని అర మీటరు దింపితే కాలక్రమంలో కింది ఉప్పు 20 మీటర్లు పైకి వస్తుంది. అసలు పరిస్థితిలో మధ్యన కలగలుపు నీటి పొర కూడా ఉంటుంది కాబట్టి 40 మీటర్లూ తాగే నీరనుకోకూడదు. అలాంటి చోట లోతు బోరు కన్నా, నీటిమట్టానికి కొద్దిగా కింద అడ్డంగా పరిచిన చిల్లుల పైపులు నయం. పగడపు దీవుల్లో ఇంకో చిక్కు ఉంది. పైన ఇసుకలో నీరు నెమ్మదిగా కదిలి నిలుస్తుంది. సాధారణంగా 15 నుంచి 25 మీటర్ల కింద పాత సున్నపురాయి రంధ్రాలమయం. సముద్రపు ఆటుపోటు అందులోకి స్వేచ్ఛగా తిరగడంతో మంచినీటి పొర అక్కడికి తెగిపోతుంది. దారి మరీ ఎక్కువైనా మంచినీరు నిలవదన్నమాట.

తియ్యగా ఉన్నా తాగకూడని నీరు

రుచి నమ్మొద్దు. గ్రానైట్‌లో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలుంటాయి. నీరు చాలాకాలం లోపల ఉండి కాల్షియం పోగొట్టుకుని సోడియం చేర్చుకుంటే ఫ్లోరైడ్ పెరుగుతుంది. అది మెత్తటి నీరు, సబ్బు బాగా నురగ వస్తుంది, తాగితే హాయిగానే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మీ మొదటి బోరు నీటిని ఈ ఒక్క పరీక్షకైనా తప్పకుండా పంపండి. ఒండ్రు నేలలకు ఆర్సెనిక్ బెడద. బెంగాల్ డెల్టాలో బూడిద రంగు కొత్త ఇసుకలో, కుళ్లే ఆకు అలముల వల్ల ఇనుప పూత కరిగి దానితో ఉన్న ఆర్సెనిక్ నీటిలోకి దిగింది. అక్కడే గోధుమ, నారింజ రంగు పాత ఇసుకలో అది చాలా తక్కువ. ఇసుక రంగు హెచ్చరికగా పనికొస్తుంది, పరీక్షకు బదులు కాదు. హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు.

ఇప్పుడు మీరేం చేయాలి

మొదటి బోరును కాపాడుకోండి. ఏకబిగిన 24 గంటలు నడిపి, మొదటి గంటలో 5 నిమిషాలకోసారి, తర్వాత గంటకోసారి మట్టం కొలవండి. మట్టం ఒకచోట నిలకడగా ఆగితే ఆ ప్రవాహం భరించగలదు. గంట గంటకూ సమానంగా దిగుతూనే ఉంటే ప్రవాహం తగ్గించండి. నీరిచ్చే పగులు 45 మీటర్ల దగ్గరుంది కాబట్టి మోటారు నడిచేటప్పుడు నీటిమట్టాన్ని 40 మీటర్లు దాటి దిగనివ్వొద్దు. పగులు గాలికి తెరుచుకుంటే నీరు ఒక్కసారిగా తగ్గుతుంది, ఇనుము పేరుకుని సందు మూసుకుంటుంది.

కొత్తది వేయాలనుకుంటే ముందు రెసిస్టివిటీ సర్వే చేయించండి. నేలలోకి కరెంటు పంపి, లోపలి పొరలు దాన్ని ఎంత అడ్డుకుంటాయో ఓమ్-మీటర్లలో కొలిచే పద్ధతి ఇది. గట్టి గ్రానైట్ 1,000 ఓమ్-మీటర్లు దాటుతుంది, తడిసిన మొరం సుమారు 20 నుంచి 100 మధ్య. అంకె 5, 10కి పడితే జాగ్రత్త: అది బంకమట్టి కావచ్చు, ఉప్పునీరున్న ఇసుక కావచ్చు. రెండింటికీ పరికరం ఒకే అంకె చూపిస్తుంది. తక్కువ అంకె కనిపించగానే నీళ్లు అని చెప్పేవారితో చాలా బోర్లు వృథా అవుతున్నాయి. దగ్గర్లో ఉన్న బోరు పొడితో పోల్చకుండా ఆ అంకెకు అర్థం చెప్పలేం.

డ్రిల్లింగ్ జరుగుతుండగా జల తగిలిన ప్రతిసారీ ఆపి రెండు కొలవండి. ప్రవాహానికి 90 డిగ్రీల వి-ఆకారపు గాటున్న రేకు పెట్టండి. గాటు మీద నీరు 5 సెంటీమీటర్ల ఎత్తున పారితే నిమిషానికి సుమారు 46 లీటర్లు, 10 సెంటీమీటర్లకు సుమారు 260. రెండోది ఈసీ మీటరుతో విద్యుత్ వాహకత (ఈసీ), సెంటీమీటరుకు మైక్రోసీమెన్స్‌లో. ఆ అంకెను 0.65తో గుణిస్తే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల లవణాలో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. పైన 800 ఉన్న అంకె ఒక లోతు దాటాక 2,500కు ఎగబాకితే అక్కడే ఆపి, ఆ భాగాన్ని పూడ్చేయండి.

ఇక మూడో బోరు. దాన్ని తెరిచి ఉంచడం అన్నిటికన్నా ప్రమాదం. పల్లంలో కింది నీటికి ఒత్తిడి ఎక్కువ ఉంటుంది కాబట్టి ఆ ఉప్పునీరు బోరు గుండానే పైకి లేచి, పై పగుళ్లలో ఉన్న మంచినీటిలో కలుస్తుంది. మోటారు పెట్టకపోయినా రాత్రింబవళ్లు ఇది జరుగుతుంది. బోరు అడుగు 180 మీటర్లే అయితే 160 నుంచి 180 వరకు సిమెంటు గుజ్జుతో మూయండి. 165 మిల్లీమీటర్ల బోరుకు మీటరుకు 21 లీటర్ల పైచిలుకు పడుతుంది, 20 మీటర్లకు సుమారు 430 లీటర్లు. 50 కిలోల సిమెంటు బస్తాకు 25 లీటర్ల నీరు కలిపితే 41 లీటర్ల గుజ్జు వస్తుంది, అంటే 11 బస్తాలు. పగులులోకి కొంత పోతుంది కాబట్టి 15 సిద్ధం చేసుకోండి. పైనుంచి కుమ్మరించొద్దు. నీటిలో పడితే సిమెంటు విడిపోయి అడుగున ఇసుకలా పేరుకుంటుంది. సన్న పైపును అడుగుదాకా దింపి దాని గుండా పంపుతూ, గుజ్జు పెరిగేకొద్దీ పైపును పైకి లాగండి, కొస మాత్రం గుజ్జులో మునిగే ఉండాలి.

ఒక వారం ఆగి, పై భాగం నీటిని రెండు మూడు గంటలు తోడి పారబోసి ఈసీ చూడండి. మొదటి బోరు అంకెకు దగ్గరగా వస్తే మూత పట్టింది, ఆ బోరు పై పగుళ్లు మీకు కొద్దిపాటి మంచినీరు ఇవ్వొచ్చు. అంకె దిగకపోతే ఉప్పు 160 మీటర్ల పైనుంచి కూడా వస్తోంది. అప్పుడు ఆ బోరును అడుగు నుంచి నేల దాకా పూర్తిగా పూడ్చేయండి. కేసింగ్ లోతులు, మోటారు నడపనప్పుడు మూడు బోర్లలో నీరు నిలిచే మట్టాలు, ఈసీ అంకెలు ఇక్కడ రాస్తే కొత్త పాయింటు ఎటువైపు పెట్టాలో చూద్దాం.